తువ్వాలు కింద చింతపిక్కలు

గౌతమి ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాదు వదిలి వేగం అందుకునేసరికే నా నివేదికలో ముఖ్యమైన వాక్యం రాసేశాను. "రొయ్యల చెరువు నుంచి ఊరుతున్న ఉప్పునీటి వల్లనే మంచినీళ్ల చెరువు చెడిపోయింది." పెన్సిలుతోనే రాశాననుకోండి. కానీ ఆ ఊరు నేనప్పటికింకా చూడలేదు. ఆ నీళ్లు నాలిక మీద వేసుకోలేదు.

ఎదుటి బెర్తులో ఒక పెద్దావిడ పులిహోర పొట్లం విప్పుతూ నన్నే చూస్తోంది. సామర్లకోటలో దిగి అన్నవరం వెళ్తారట, కొడుకు ఇల్లు కట్టుకున్నందుకు వ్రతం చేయించడానికి. సంచిలో ఏముందని అడిగితే నీళ్ల పరీక్ష సామాను అన్నాను.

"ఎక్కడి నీళ్లండీ?"

"కోనసీమలో ఒక ఊరివి. రేపు వెళ్లి చూడాలి."

"రేపు చూసేదానికి ఇవాళే రాసేస్తున్నారేంటండీ బాబూ? మేం వ్రతం అయ్యాకే ప్రసాదం పంచుతాం," అని పులిహోర ముద్ద ఒకటి నా చేతిలో పెట్టింది.

నవ్వి నోట్లో వేసుకున్నాను. పులిహోర బావుంది. మాట చురుక్కుమంది. అయినా వాక్యం చెరపలేదు.

ఈ ప్రయాణం ఎందుకు పడిందో చెప్పాలి. ఉద్యోగకాలమంతా బావుల్లో, బోర్లలో నీళ్లు పరీక్ష చేస్తూ గడిపాను. రిటైరయ్యాక ఏ ఊరివాళ్లయినా పిలిస్తే వెళ్లి చూసి చెప్పడం అలవాటైంది. ఈసారి పిలిచింది సీతవరపులంక ఊరిపెద్ద వీర్రాజుగారు. అమలాపురం నుంచి సముద్రం వైపు బస్సులో గంట దూరం ఆ ఊరు.

"మా మంచినీళ్ల చెరువు రెండేళ్లుగా ఉప్పెక్కిపోతోందండీ," అన్నారు ఫోనులో. "పక్కనే సుందర్రావు మాస్టారి రొయ్యల చెరువుంది. శనివారం ఆర్డీవో గారు వస్తున్నారు. మీరొచ్చి ఒక్క ముక్క చెప్పేస్తే ఆ గట్టు కొట్టించేస్తారు. భోజనం మా ఇంట్లోనేనండి."

డెల్టాలో వేసవికి కాలువలు కట్టేస్తారు. కట్టేసే ముందు చివరిసారి వచ్చే గోదావరి నీళ్లతో ప్రతి ఊరూ చెరువు నింపుకుంటుంది. వానలు పడేదాకా ఆ నీళ్లే దిక్కు. సీతవరపులంకకు ఆ చివరి నీళ్లు శుక్రవారం వస్తాయి. ఆ నింపిన చెరువు కూడా ఉప్పెక్కిందా, వేసవంతా ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టుకోవాల్సిందే. అటు మాస్టారి చెరువులో రొయ్యలు పట్టుబడికి రావడానికి ఇంకా రెండు వారాలుంది. గట్టు కొడితే ఆ కుటుంబం ఏడాది కష్టం మురుగుకాలువ పాలు. వీటి మధ్య నిలబడి నేను చెప్పాల్సింది ఒక్క ముక్క. ఆ ముక్కే రైల్లో రాసేసుకున్నాను. ఇంకో నాలుగు ఊళ్లలో రొయ్యల చెరువుదే తప్పని తేలింది కాబట్టి ఇక్కడా అంతే అనుకున్నాను. చదువుకున్న బద్ధకం అంటే అదే.

చీకట్లు విచ్చుతుండగా రైలు గోదావరి వంతెన మీదికొచ్చింది. వేసవి నది, ఇసుక మేటల మధ్య పాయలుగా పారుతోంది. పెద్దావిడ కిటికీలోంచి రూపాయి బిళ్ల విసిరి దణ్ణం పెట్టుకుంది. రాజమండ్రిలో దిగి, బస్‌స్టాండు దగ్గర ఇడ్లీ తిని, కాఫీ తాగుతూ సంచి సర్దుకుంటూ ఒక్కొక్కటీ తీసి చూసుకున్నాను. మీటరు సరిచూసుకునే సీసా లేదు.

దాని సంగతి చెప్తాను. నీళ్లలో ఉప్పెంతో చెప్పే మీటరు నా దగ్గరుంది. దాన్ని ముందు, తెలిసిన పాళ్లలో ఉప్పు కలిపిన నీళ్లలో ముంచి చూసుకోవాలి. అంకె సరిగా వస్తేనే తర్వాత ఊరి నీళ్లలో ముంచాలి. ఆ తెలిసిన నీళ్ల సీసా హైదరాబాదులో మా ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన ఉండిపోయింది. తూకంరాళ్లు ఇంట్లో మరిచి తక్కెడ ఒక్కటే పట్టుకుని సంతకెళ్లినవాడి పరిస్థితి. "పర్లేదులే, పోయిన నెల బాగానే చూపించింది" అని నాకు నేనే చెప్పుకుని, ఎవరికీ చెప్పకూడదని కూడా అక్కడే నిశ్చయించుకున్నాను.

రావులపాలెం మీదుగా అమలాపురం వెళ్లే బస్సులో కిటికీ సీటు దొరికింది. నమూనాల కోసం తెచ్చిన గాజు సీసాలు ప్రతి గతుక్కీ గలగలమంటున్నాయి. పక్కన కూర్చున్న కొబ్బరికాయల వ్యాపారి కాసేపు విని, నా చెవి దగ్గరికి వంగాడు.

"యానాం సరుకాండీ?"

"కాదండీ, ఖాళీ సీసాలు."

"ఖాళీగా పట్టుకెళ్తున్నారా? అయితే మీరు చాలా పెద్ద పార్టీ అండి!"

కండక్టరు కూడా నవ్వాడు. "నింపుకొచ్చేటప్పుడు మా బస్సే ఎక్కండి సార్, భద్రంగా దింపుతాం." అరటితోటలు, కొబ్బరితోటలు, వాటి మధ్య కాలువ గట్లు మాతోపాటే పరిగెత్తాయి. అమలాపురంలో బస్సు మారి, ఎండ నడినెత్తికి వచ్చేసరికి సీతవరపులంకలో దిగాను.

వీర్రాజుగారు స్వయంగా వచ్చి తీసుకెళ్లారు. డెబ్బై దాటిన మనిషి, ఇస్త్రీ చెదరని తెల్ల పంచె, నెమ్మదైన మాట. అరిటాకులో పనసపొట్టు కూర, కొత్తావకాయ, గడ్డపెరుగు. తింటున్నంతసేపూ మాస్టారి చెరువు ఊరినెలా పాడుచేసిందో చెబుతూనే ఉన్నారు. ఎవరింట ముందు తింటామో వాళ్ల మాట ముద్దతోపాటే లోపలికి దిగిపోతుంది. ఈ పని మీద తిరిగేవాళ్లు మొదటిపూట హోటల్లో తినడం మంచిది. నేను తినలేదు.

మధ్యాహ్నం చెరువు చూశాను. మంచినీళ్ల చెరువుకు పడమట మాస్టారి రొయ్యల చెరువు, తూర్పున మురుగుకాలువ. పొలాల నీళ్లు ఆ కాలువలో పడి సముద్రంలోకి పోతాయి. సముద్రం పోటెత్తినప్పుడు ఉప్పునీళ్లు ఎగదన్నకుండా కాలువ చివర ఒక తలుపుంది. చెరువులో అడుగున మిగిలిన పాతనీళ్లు నోట్లో వేసుకుంటే జివ్వుమన్నాయి. నాలుగైదు చోట్ల మీటరు ముంచాను. రొయ్యల చెరువు గట్టుకీ మంచినీళ్ల చెరువుకీ మధ్య ఒక గుంట తవ్వించి, అందులో ఊరిన నీళ్లలోనూ ముంచాను. తాగడానికి పనికొచ్చే గీత దాటి చూపించింది. "చూశారాండీ!" అన్నారు వీర్రాజుగారు. నా పెన్సిలు వాక్యం నాకు గుర్తొచ్చి సంతోషం వేసింది. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

పంచాయతీలో పాత పరీక్షల కాగితాలు కూడా ఉన్నాయి, రెండేళ్లలో ఏడో ఎనిమిదో. రెండు వేర్వేరు చోట్ల చేయించారు. ఒక నెల ఉప్పు ఎక్కువ, మరుసటి నెల తక్కువ, ఆపైన మళ్లీ ఎక్కువ. తలా తోకా లేదు. ఇలా అంకెలు చాలనిచోట తెలిసినవాళ్ల నమ్మకాన్ని కూడా కొలిచి అంకెలతో కలపడం మా పనిలో ఉన్నదే. దానికి నేను చింతపిక్కలు వాడతాను. నేల మీద సుద్దతో గళ్లు గీస్తాను, ఒక్కో గడి ఒక్కో కారణం. మనిషికి పది పిక్కలు. ఏ కారణం మీద ఎంత నమ్మకముంటే అన్ని పిక్కలు అందులో పెట్టాలి.

సాయంత్రం సొసైటీ భవనం అరుగు మీద నా మీటరు అంకెలు అందరికీ చదివి, నాలుగు గళ్లు గీశాను: రొయ్యల చెరువు, మురుగుకాలువ, బోరు నీళ్లు, తెలియదు. మొదట వీర్రాజుగారిని పిలిచాను, మర్యాద కదా. ఆయన పది పిక్కలూ రొయ్యల చెరువు గడిలో పోశారు. ఆ తర్వాత వచ్చినవాళ్లంతా ముందు ఆయన వైపు చూసి, అదే గడిలో తొమ్మిదో పదో పెట్టారు. కాలువ తలుపు దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన అప్పారావు కూడా అంతే. చివరికి సుందర్రావు మాస్టారు లేచారు. సన్నగా, కళ్లజోడుతో, మెడలో చిన్న సిలువ. లూథరన్ బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. ఆయన కాసేపు ఆలోచించి తన చెరువు మీద తానే ఆరు పిక్కలు పెట్టుకున్నారు.

"తెలియదు" గడిలో ఒక్క పిక్క లేదు.

రాత్రి భోజనానికి మంగ హోటలుకెళ్లాను. తాటాకు పాక, రెండు బల్లలు. ఆమె వయసు నలభై ఉంటుంది, నోరు మాత్రం ఇంకా పదును. పప్పు పంటికింద పలుకుల్లా తగిలింది.

"ఇదేంటమ్మా, ఉడకలేదు?"

"నీళ్ల మహిమండీ. రెండు గంటలు పొయ్యి మీదున్నా కందిపప్పు కళ్లు తెరిచి చూత్తానే ఉంటది." తర్వాత గరిట పట్టుకుని నా ఎదురుగా నిలబడింది. "సాయంత్రం మీ పిక్కలాట చూశానండి. పెద్దాయన ముందు కూచోబెట్టి కూరలో ఉప్పెక్కువైందా అనడిగితే ఎవరు చెప్తారండీ? అందరూ అమృతం అంటారు. ఇంటికెళ్లి పెళ్లాం మీద అరుత్తారు."

"మరి ఎలా అడగాలి?"

పక్క బల్ల దగ్గర అన్నం తింటున్న అప్పారావు తల ఎత్తాడు. "ఎడ్ల బేరంలాగండి. సంతలో ఎద్దు ధర పైకి చెప్పరు కదా. తువ్వాలు కప్పి, కింద వేళ్లు పట్టుకుని చెప్తారు. పక్కోడికి తెలీదు. ఆయ్, మీ పిక్కలూ అలా తువ్వాలు కిందెయ్యండి."

"ఈ తెలివి సాయంత్రం ఏమైందయ్యా అప్పారావూ?" అంది మంగ.

"సాయంత్రం ఎదురుగా వీర్రాజుగారున్నారు కదమ్మా," అన్నాడు అతను, మజ్జిగ పోసుకుంటూ.

సొసైటీ పైగదిలో పడుకున్నాను కానీ, తన మీద తానే ఆరు పిక్కలు పెట్టుకున్న మనిషి కళ్లముందునుంచి కదల్లేదు. తెల్లారగానే మాస్టారింటికి వెళ్లి, మీటరు సంగతి చెప్పేశాను. సీసా మరిచాననీ, నిన్నటి అంకెల మీద నాకే నమ్మకం లేదనీ, అయినా అందరిముందూ చదివేశాననీ. కోపగించుకుంటారనుకున్నాను. ఆయన చొక్కా వేసుకున్నారు.

"అమలాపురం వెళ్దాం పదండి. ఒక గ్రాము ఉప్పు, ఒక లీటరు స్వచ్ఛమైన నీళ్లు. మనమే చేసుకోవచ్చు కదండీ. తొమ్మిదో తరగతి పాఠం."

బస్సులో అడిగాను. "మీ చెరువు మీద మీరే ఆరు ఎందుకు పెట్టారు మాస్టారూ?"

"అంతమంది పెద్దవాళ్లు పెట్టాక నేనొక్కణ్ణే కాదంటే ఏం బావుంటుందండీ? పైగా ఎదురుగా మీరు. అంతదూరం నుంచి వచ్చారు." ఆయన వేళాకోళానికి అనలేదు. నిజంగానే మర్యాద కోసం తన గట్టు తానే కొట్టుకోబోయారు.

అమలాపురంలో బ్యాటరీల కొట్లో డిస్టిల్డ్ వాటరు కొన్నాం. ఉప్పు తూచడానికి మాస్టారి పాత శిష్యుడి బంగారు కొట్టుకెళ్లాం. అతను గాజు పెట్టెలోని చిన్న త్రాసు తీసి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"గ్రాము ఉప్పాండీ? అంత ధర పెరిగిందా మాస్టారూ?"

"మా ఊళ్లో ఫ్రీగా దొరుకుతోందిరా, అదే బాధ," అన్నారు మాస్టారు. ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను.

ఆ కొట్టు మెట్ల మీదే ఉప్పు కలిపి మీటరు ముంచాం. రావాల్సిన అంకెకన్నా మూడోవంతు ఎక్కువ చూపించింది. మళ్లీ ముంచాం. మళ్లీ అంతే. నిన్నటి అంకెలన్నీ కాగితం మీద సరిచేశాను. గట్టు పక్క గుంటలో ఊరిన నీళ్లు గీత దాటలేదు, ఇవతలే ఉన్నాయి. అంటే రొయ్యల చెరువు నుంచి ఊట ఉన్నా, నేను చెప్పినంత లేదు. నా మతిమరుపు ఒకటి, దాన్ని దాచిన నా గొప్ప ఒకటి, రెండూ కలిసి మాస్టారి గట్టు మీద పడబోయాయి. ఆయనతో ఆ మాటే అన్నాను. "తప్పు తెలిసింది కదండీ, ఇంక బస్సు తప్పిపోకుండా చూద్దాం," అన్నారు.

మర్నాడంతా తువ్వాలు భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఒక పలక మీద నాలుగు గళ్లు, పైన తువ్వాలు. మనిషి చెయ్యి లోపల పెట్టి పిక్కలు పంచాలి, పంచాక ఎందుకో నాకు మాత్రం చెప్పాలి. ఒకరి లెక్క ఇంకొకరికి చెప్పనని మాటిచ్చాను. తర్వాత వాళ్లే బయటపెట్టుకున్నారు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

అప్పారావు తొమ్మిది పిక్కలు మురుగుకాలువకే పెట్టాడు. తలుపు కింద దుంగ ఇరుక్కుందనీ, పోయిన వరదల తర్వాత అది పూర్తిగా మూతపడలేదనీ అన్నాడు. కానీ అతని తర్వాత ఆ పనికి ఎవరినీ వేయలేదన్న కోపం ప్రతి మాటలోనూ ఉంది. అందుకని అతని తొమ్మిదిని నేను కాస్త తగ్గించే లెక్కవేశాను. మాస్టారు తన చెరువు మీద రెండు పెట్టారు. "పెద్దవాన పడితే నా గట్టు మీంచి పొర్లుతుందండీ. నిజం నిజమే కదా." తనకు నష్టమైన మాట తనే చెప్పారు కాబట్టి ఆ రెండింటినీ నేను తగ్గించలేదు.

నీళ్లు మోసే ఆడవాళ్లలో ఐదుగురిని వేర్వేరుగా అడిగాను. కారణం తెలియదని వాళ్లు ఎక్కువ పిక్కలు చివరి గడిలోనే పెట్టారు. కానీ ఐదుగురూ ఒక మాట అన్నారు: నీళ్లు రోజూ ఒకేలా ఉండవు, అమావాస్య పున్నాలు దాటాక రెండు మూడు రోజులకు ఉప్పు తిరుగుతాయి. మంగ అయితే, "అమావాస్య ఎల్లిన మూడోనాడు పప్పొండనండి, పులుసుతో సరిపెడతా," అంది.

అప్పుడు తట్టింది. మంగ హోటల్లోనే గోడకు తిథులున్న క్యాలెండరుంది, వెనక పాతదీ వేలాడుతోంది. పంచాయతీ కాగితాలు తెచ్చి, తేదీలున్న ప్రతి పరీక్షనీ తిథితో చూసుకున్నాను. ఉప్పు ఎక్కువున్నవన్నీ అమావాస్యకో పున్నానికో తర్వాతి రోజులవి. తక్కువున్నవి మధ్య రోజులవి. ఒకటి మాత్రం ఎందులోనూ ఇమడలేదు. తలాతోకా లేవని నేను పక్కన పడేసిన అంకెలు, ఆ ఐదుగురి మాట పక్కన పెట్టగానే వరసలో నిలబడ్డాయి. బల్ల మీద గట్టిగా చరిచాను. మంగ ఉలిక్కిపడి, "అట్టు మాడిందాండీ?" అంది. నా ఉద్యోగం మొత్తంలో అంత సంతోషం కొద్దిసార్లే కలిగింది. రొయ్యల చెరువుకు తిథులతో పనిలేదు. సముద్రానికి ఉంది.

చివరికి వీర్రాజుగారి దగ్గరికెళ్లాను. ఆయన తువ్వాలు కింద చాలాసేపు చెయ్యి ఉంచారు. తీసి చూస్తే రొయ్యల చెరువుకు నాలుగు, కాలువకు మూడు, "తెలియదు"కి మూడు.

"మొన్న పదీ చెరువుకే పెట్టారు కదండీ?"

"నలుగురిలో తెలీదంటే ఎలాగండీ? ఊరంతా నా మొహమే చూస్తుంది." గొంతు తగ్గించారు. "కాలువకి మూడెందుకంటారా, మా నాన్నగారి హయాంలో మంచినీళ్ల చెరువు కడిగినప్పుడు నీళ్లు పోవడానికి కాలువలోకి ఒక తూము వేశారు. తర్వాత దాన్ని మూశారో లేదో నాకు తెలీదు. ఆ పని మా నాన్నగారిది. దాంట్లో లోపముందని నేనెలా అంటాను?"

అందరి పిక్కలూ, సరిచేసిన నా అంకెలూ, పాత కాగితాలూ కలిపితే పదిలో ఏడు కాలువకు, రెండు రొయ్యల చెరువుకు, ఒకటి తెలియదుకు తేలాయి. శుక్రవారం గోదావరి నీళ్లొచ్చాయి. చెరువు నిండుతుంటే జనం గట్టు మీద నిలబడి చూశారు. ఎవరూ నవ్వలేదు. నిండాక సరిచూసిన మీటరు ముంచి అంకె రాసుకున్నాను. ఆదివారం అమావాస్య.

శనివారం ఉదయం ఆర్డీవో గారు జీపు దిగారు. వయసులో చిన్న ఆవిడ, తీరిక తక్కువ. "ఒక్క మాటలో చెప్పండి. గట్టు కొట్టాలా వద్దా?"

"ఒక్క మాటలో చెప్పలేనండి. పది పిక్కల్లో చెప్తాను," అన్నాను.

ముందు నా మీటరు తప్పు ఊరందరి ఎదుటా చెప్పాను. మంగళవారం చదివిన అంకెలు వాపసు తీసుకుంటున్నానన్నాను. వెనకనుంచి ఒకాయన, "హైదరాబాద్ మీటరు కూడా మా కాటాల్లాగేనన్నమాట!" అన్నాడు. నవ్వారు. నవ్వనిచ్చాను. తర్వాత గళ్లు గీసి ఏడు, రెండు, ఒకటి పెట్టాను.

"అంటే ఖాయం కాదన్నమాట," అన్నారు ఆర్డీవో గారు.

"కాదండి. కానీ రేపటి పోటుకు ఏది ముందు ఆపాలో చెప్పడానికి ఇది చాలు. తలుపు దగ్గర బస్తాలతో అడ్డుకట్ట వేద్దాం. మూడు రోజులు చూద్దాం. అయినా చెరువు ఉప్పెక్కితే గట్టు సంగతి ఆలోచించండి."

"రెండూ చేసేస్తే పోతుంది కదా!" అని ఎవరో అరిచారు.

"గట్టు కొడితే ఆ ఉప్పునీళ్లు ఎక్కడికి పోతాయండీ? ఈ కాలువలోకే. తలుపు మూసి, లోపల మనమే ఉప్పు పోసుకున్నట్టవుతుంది."

ఆవిడ వీర్రాజుగారి వైపు చూశారు. ఊరంతా ఆయన వైపే చూసింది. ఆ క్షణంలో ఆయన మళ్లీ పది పిక్కలూ పాత గడిలో పోస్తే నా లెక్కంతా గాలికే. ఆయన అరుగు దిగి, వంగి, నాలుగు పిక్కలు చెరువు గడిలో పెట్టారు. మూడు కాలువకు. మిగిలిన మూడూ అరచేతిలో పెట్టుకుని ఒకసారి జనాన్ని చూసి, అందరికీ కనిపించేలా "తెలియదు" గడిలో పెట్టారు.

"నాకు తెలీదండీ," అన్నారు. "తూము సంగతి కూడా తెలీదు. చూద్దాం."

ఆ మాటతో ఊరికి నోరొచ్చింది. అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఆర్డీవో గారు మూడు రోజుల గడువిచ్చి జీపెక్కారు.

ఆదివారం పోటు దిగి నీరు తీసినప్పుడే పని మొదలైంది. ఇసుక వీర్రాజుగారి ట్రాక్టరు తోలింది. బస్తాలు మాస్టారివి, రొయ్యల మేత అయిపోయిన ఖాళీ సంచులు. చర్చివాళ్లు గట్టు మీదే చిన్న ప్రార్థన చేసుకుని తెల్ల చొక్కాలు విప్పి కాలువలోకి దిగారు. అప్పారావు మోకాలి లోతులో నిలబడి, "ఇంకా కిందికి, ఇంకా కిందికి!" అని అందరినీ తిడుతున్నాడు, పెళ్లి పెద్దంత సంబరంగా. పొద్దెక్కాక పోటు వచ్చింది. సముద్రం వైపు నీళ్లు బస్తాల మీద జానెడు జానెడు పెరిగాయి. లోపలి వైపు కదల్లేదు. అవతల నీరు జబ్బల ఎత్తుకొచ్చి, కాసేపు నిలబడి, మెల్లగా వెనక్కి తగ్గింది. "పాటు పట్టింది! పాటు పట్టింది!" అని అప్పారావు అరిస్తే, గట్టు మీద ఎవరో ఈల వేశారు.

మర్నాడు కాలువలో నీరు తగ్గినప్పుడు వీర్రాజుగారు చెప్పిన చోట తవ్వారు. బురదలో పాత మట్టి తూము నోరు తెరుచుకునే ఉంది. మొదటి బంకమట్టి ముద్ద ఆయనే పెట్టారు, తెల్ల పంచె పాడైపోతున్నా చూసుకోకుండా. రెండో ముద్ద మాస్టారు అందించారు.

"మాస్టారూ, మీ గట్టు మీద నాలుగు పిక్కలు ఇంకా వెనక్కి తీసుకోలేదండోయ్," అన్నారు వీర్రాజుగారు.

"రెండు తీసుకోండి, మిగతా రెండూ నావేనండి," అన్నారు మాస్టారు. ఆ సాయంత్రమే తన గట్టు మంచినీళ్ల చెరువు వైపు మూరెడు ఎత్తు పెంచడం మొదలుపెట్టారు.

అమావాస్య వెళ్లిన మూడోనాడు, బుధవారం ఉదయం, సరిచూసిన మీటరు చెరువులో ముంచాను. అంకె శుక్రవారం నాటిదే, వెంట్రుకవాసి తేడా లేదు. పెద్దగా చదివాను. జనం గోల చేశారు. ఆ గోల మధ్యలోనే ఆర్డీవో గారికి ఫోనులో చెప్పాను. గట్టు అలాగే ఉంచమని, తలుపు బాగుచేయిస్తానని అన్నారు. పూర్తిగా తేలిందని మాత్రం నేను రాయలేదు. నివేదికలో ఒక పిక్క "తెలియదు" గడిలోనే ఉంచాను, పున్నానికి మళ్లీ చూడమన్నాను. కానీ పెన్సిలు వాక్యాన్ని బస్సెక్కేముందు రబ్బరుతో చెరిపేశాను. చెరిపిన మచ్చ ఉంది. ఉండనీ అనుకున్నాను.

వెళ్లాలనుకునేవారికి ఒక మాట. రాజమండ్రి నుంచి అమలాపురానికి బస్సులు ఎప్పుడూ ఉంటాయి, అక్కణ్నుంచి సముద్రం వైపు పల్లెలకు మాత్రం వేళ చూసుకుని వెళ్లాలి. మీటరు తీసుకెళ్తే దాని సీసా కూడా తీసుకెళ్లండి. మరిచిపోతే, మరిచానని చెప్పండి. అమలాపురంలో బంగారు కొట్లున్నాయి.

తిరుగు బస్సులో అదే కండక్టరు. సీసాలు ఈసారి గలగలమనలేదు. "నింపుకొచ్చేశారన్నమాట!" అన్నాడు. "మంచి సరుకండీ," అన్నాను. రాజమండ్రిలో రైలెక్కేటప్పటికి నా టికెట్టుకు బెర్తు ఖాయం కాలేదు. దొరుకుతుందా అని టీసీ గారిని అడిగితే, "ఇప్పుడే చెప్పలేనండి, తాడేపల్లిగూడెం దాటాక చూద్దాం. దొరికేలాగే ఉంది," అన్నారు. ఎంత చక్కటి జవాబు! మనిషికి తెలిసినంతే చెప్పారు.

గోదావరి వంతెన దాటుతుంటే మంగ కట్టిచ్చిన క్యారియర్ విప్పాను. అమావాస్య వెళ్లిన మూడోనాడు ఆమె వండనన్న వంట పైగిన్నెలోనే ఉంది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. పప్పు మెత్తగా, వెన్నలా ఉడికింది.